వస్తే, వచ్చి ఉంటే... మధ్యలో ఇంగ్లీషు

మన తెలుగులో 'తే' అని ఒక చిన్న ముక్క ఉంది. రోజుకు ఎన్నిసార్లు వాడతామో లెక్కే ఉండదు. "పాలు పొంగితే స్టవ్ ఆపు", "కరెంటొస్తే మోటర్ వెయ్యి", "మబ్బు పడితే బట్టలు తియ్యి". పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి తలుపు గడియ పెట్టేదాకా ఆడవాళ్ల మాటల్లో సగం ఈ 'తే' మీదే నడుస్తాయి. పిల్లల తెలుగు వాచకంలో దీన్ని చేదర్థకం అంటారు. పేరు చూసి భయపడాల్సిందేమీ లేదు. ఒక పని జరగడం ఇంకో పని మీద ఆధారపడి ఉందని చెప్పడమే.

దీన్ని ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తేనే పిల్లలు తల పట్టుకుంటున్నారు. గద్వాలలో మా ఇంటి అరుగు మీద సాయంత్రం ఐదారుగురు కూర్చుంటారు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు కూడా ఇచ్చారు. అయినా ఇంట్లో చెప్పేవాళ్లుండాలి కదా. "నువ్వు డిగ్రీ చదివినవు కదా వదినా, మా పిల్లని కూడా జర చూడు" అని ఒక్కొక్కరే పంపడం మొదలుపెట్టారు. నేను నాగర్‌కర్నూల్‌లో తెలుగు మీడియంలో చదువుకున్న మనిషిని. అందుకేనేమో, ఏదైనా చెప్పాలంటే ముందు తెలుగులో అది ఎట్లా ఉందో చూస్తాను, ఆ తర్వాతే ఇంగ్లీషు ముట్టుకుంటాను.

తెలుగులో గొంతు చేసే పనిని ఇంగ్లీషులో క్రియ చేస్తుంది. ఈ పాఠమంతటికీ ఇదే కీలకం. మా అత్తమ్మ పుణెలో ఉన్న మా మరిది గురించి "చిన్నోడు పండక్కి వస్తే బాగుండు" అంటుంది. దసరాకు పది రోజుల ముందు హుషారుగా అన్నదంటే టికెట్ దొరికిందని అర్థం. పండుగ రేపనగా నిట్టూరుస్తూ అన్నదంటే ఇక రాడని ఆమెకు తెలుసు. మాట మాత్రం అదే 'వస్తే'. మనం ఆమె ముఖం చూసి, గొంతు విని అర్థం చేసుకుంటాం. ఇంగ్లీషులో ఆ తేడాను క్రియలోనే చూపించాలి. చదివేవాళ్లకు మన ముఖం కనపడదు, ఆ క్రియ ఒక్కటే కనపడుతుంది.

అందుకే పిల్లలు 'ఇఫ్' అని రాయగానే పెన్ను ఆపమంటాను. మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది జరగొచ్చా? ఊరికే ఊహిస్తున్నామా? అయిపోయిందా? జవాబు తెలిశాకే క్రియ రాయాలి.

మొదటిది, జరగడానికి వీలున్నది. మా పాలమూరోళ్లకు దీన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. "వానొస్తే ఊర్లో ఉంటం, రాకుంటే బొంబాయికి పోతం" అనే మాట వినకుండా పెరిగిన ఇల్లు మా వైపు తక్కువ. "ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ స్టే." పిల్లలు చాలామంది "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అని రాస్తారు. వాన పడేది రేపు కదా, 'విల్' ఉండొద్దా అని వాళ్ల అనుమానం. అప్పుడు తెలుగు వాక్యాన్నే చూపిస్తాను. 'వస్తే' అన్న మాటలో నిన్నా లేదు, రేపూ లేదు. రేపటి సంగతి 'ఉంటం' అన్న రెండో సగంలో ఉంది. ఇంగ్లీషు కూడా అట్లాగే రేపటి సంగతిని రెండో సగానికి వదిలేస్తుంది. 'విల్' అక్కడ ఒక్కసారి ఉంటే చాలు, ఇఫ్ పక్కన అక్కర్లేదు. 'రాకుంటే' అనేదానికి 'అన్‌లెస్' అనే మాట ఉంది. అందులోనే 'కాకుంటే' కలిసి ఉంటుంది కాబట్టి మళ్లీ పక్కన 'నాట్' పెడితే అర్థం తారుమారవుతుంది. "అన్‌లెస్ ఇట్ రెయిన్స్, వి విల్ గో." వాన రాకుంటే పోతాం, అంతే.

ఇందులోనే ఇంకో రకం ఉంది, అది మన వంటింటిది. నూనె కాగితే ఆవాలు చిటపటమంటాయి. ఇది ఇవాళా నిజమే, రేపూ నిజమే, మా అమ్మమ్మ కాలంలోనూ నిజమే. ఎప్పుడూ జరిగేదానికి 'విల్' కూడా అవసరం లేదు. రెండు సగాల్లోనూ మామూలు వర్తమానం పెడితే సరిపోతుంది.

రెండోది ఊహ. పుస్తకంలో "నేను కలెక్టరునైతే" అని ఒక అభ్యాసం. "ఇఫ్ ఐ వర్ ద కలెక్టర్, ఐ వుడ్ బిల్డ్ ఎ హాస్టల్." ఎనిమిదో తరగతి పిల్ల వెంటనే అడిగింది. "అత్తా, నేను నిన్న కలెక్టర్ కాలేదు కదా. మరి 'వర్' ఎందుకొచ్చింది?" మంచి ప్రశ్న. ఇది పాస్ట్ టెన్స్ అని చెప్పేవాళ్లే గాని, ఎందుకని చెప్పేవాళ్లు తక్కువ.

నేను అడిగాను, "మీ నాయనమ్మను 'మీరు తిన్నారా' అని అడుగుతావు కదా. నీకు ఎంతమంది నాయనమ్మలు?"

"ఒక్కతే."

"మరి 'తిన్నారు' బహువచనం కదా?"

పిల్ల నవ్వింది. 'మీరు' అన్నప్పుడు మనం మనుషుల్ని లెక్కపెట్టడం లేదు. బహువచనం రూపాన్ని తెచ్చుకుని గౌరవానికి వాడుకుంటున్నాం. ఇంగ్లీషువాళ్లు పాస్ట్ రూపాన్ని అట్లాగే ఇంకో పనికి వాడుకుంటారు. నిన్నటికి మనం ఎంత దూరమో, ఈ ఊహ నిజానికి అంత దూరమని చెప్పడానికి. అక్కడ 'వర్' అంటే నిన్న అని కాదు, నిజం కాదు అని. అందుకే 'ఐ', 'హీ', 'షి' పక్కన కూడా 'వర్' వస్తుంది. మాటల్లో 'వాజ్' అనేవాళ్లూ ఉన్నారు గాని పరీక్షలో 'వర్' రాయడమే మేలు.

ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "అత్తా, నేను నిజంగనే కలెక్టర్ అయితా. అప్పుడెట్ల రాయాలె?" అంది. అయితే మొదటి రకం రాయమన్నాను. "ఇఫ్ ఐ బికమ్ ద కలెక్టర్, ఐ విల్ బిల్డ్ ఎ హాస్టల్." పుస్తకంలో అడిగింది 'వర్' కాబట్టి మార్కుల కోసం అదీ రాసింది, కింద తనది కూడా రాసుకుంది. రెండూ వ్యాకరణం ప్రకారం ఒప్పే. ఏది రాయాలన్నది ఆ పిల్ల తన గురించి ఏమనుకుంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆమె తల్లి చేనుకు కూలికి పోతుంది. బడిలో 'వర్' నేర్పడం మంచిదే. ఇంటికొచ్చిన తర్వాత 'బికమ్' అని చెప్పేవాళ్లు కూడా ఒకరుండాలి.

మూడోది అయిపోయినది. తుంగభద్ర ఒడ్డున రాజోలిలో మా ఆయన మేనత్త ఇల్లు. 2009 అక్టోబరు వరదలో కర్నూలు, అలంపూర్ వైపు ఊళ్లతో పాటు రాజోలి కూడా మునిగింది. అది నేతగాళ్ల ఊరు. మగ్గం గుంతల్లో బురద నిండిపోయింది. ఆ మాట వచ్చినప్పుడల్లా మేనత్త ఒకటే అంటుంది. "ముందే తెలిసి ఉంటే పట్టన్నా మిద్దె మీదికి చేర్చేటోళ్లం." తెలియలేదు, చేర్చలేదు. ఇప్పుడు మార్చేదేమీ లేదు. ఇంగ్లీషులో "ఇఫ్ వి హాడ్ నోన్, వి వుడ్ హావ్ మూవ్డ్ ద సిల్క్." మన 'తెలిసి ఉంటే'లో 'ఉంటే' ఏ పని చేస్తుందో అక్కడ 'హాడ్' ఆ పని చేస్తుంది. ఇది పిల్లలకు తొందరగా పట్టుబడుతుంది.

ఈ వాక్యంలోనే ఇంకో పోలిక ఉంది. 'చేర్చేటోళ్లం' అన్న రూపాన్నే మనం పాత అలవాట్లకు కూడా వాడతాం. "చిన్నప్పుడు చెరువులో ఈదేటోళ్లం" అంటాం కదా. ఇంగ్లీషు 'వుడ్' కూడా అంతే. చిన్నప్పటి అలవాటుకూ అదే, జరగని పనికీ అదే. రెండు భాషలూ ఇక్కడ ఒకే దారిలో నడిచాయి. ఇది చెబితే పిల్లల్లో సగం భయం పోతుంది.

ఎక్కువమంది తప్పేది ఒక్క చోట. "ఇఫ్ వి వుడ్ హావ్ నోన్" అని 'వుడ్'ను ఇఫ్ పక్కన కూర్చోబెడతారు. మా ఊరి పిల్లలకు దీన్ని చీరతో చెబుతాను. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. వేరు వేరుగా ఉన్న పోగుల్ని మగ్గం మీదే ఒకదాంట్లో ఒకటి మెలేసి కలుపుతారు. అంచు పట్టు అంచుకే, ఒంటి నూలు ఒంటికే. 'ఇఫ్' ఉన్న సగం ఒళ్లు, రెండో సగం అంచు. 'విల్', 'వుడ్' రెండూ అంచు పోగులు. వాటిని ఒంట్లోకి తేవద్దు. నేత ఇళ్ల పిల్లలకు ఇది ఒక్కసారి చెబితే చాలు.

ఇదంతా పరీక్షలో రెండు మార్కుల కోసమే అయితే ఇంత రాసేదాన్ని కాదు. మా వీధిలో ఒక నేత కుటుంబం ఉంది. ఇంటర్ రెండో ఏడు చదివే పిల్ల ఫోన్లో చీరల ఫోటోలు పెట్టి బయటి ఊళ్లవాళ్లతో మాట్లాడుతుంది. తండ్రికి ఇంగ్లీషు రాదు, ఆ పిల్లే అన్నీ. తెలుగు రాని ఒకావిడ పెళ్లికని ఆరు చీరలు అడిగింది. సగం డబ్బు పంపితే పడుగు ఎక్కిస్తామని చెప్పమన్నాడు తండ్రి. పిల్ల పంపింది ఇట్లా. "ఇఫ్ యూ హాడ్ సెంట్ హాఫ్ ద అమౌంట్, వి వుడ్ హావ్ స్టార్టెడ్." వ్యాకరణం పుస్తకం ముందు పెట్టి చూసినా ఒక్క తప్పు దొరకదు. కానీ దాని అర్థం "పంపి ఉంటే మొదలుపెట్టేవాళ్లం, ఇప్పుడు సమయం దాటిపోయింది" అని. ఆవిడ పాపం, "ఆలస్యం చేశాను, ఏమనుకోకండి, మరోసారి చూద్దాం" అని జవాబిచ్చింది.

నాలుగు రోజులకు ఆ తల్లి మా ఇంటికొచ్చింది. "వదినా, ఆమె బాగనే మాట్లాడె, చీరలు ఎందుకు వద్దన్నదో తెలుస్తలేదు." ఫోన్ చూస్తే సంగతి అర్థమైంది. ఎందుకట్లా రాశావని అడిగితే పిల్ల, "పెద్ద గ్రామర్ అయితే మర్యాదగా ఉంటదనుకున్న అత్తా" అంది. మర్యాద కోసం ఇంగ్లీషులో 'ప్లీజ్' ఉంది, 'కుడ్ యూ' ఉంది. అయిపోయినదాని కోసం ఉన్న రూపం మర్యాదకు పనికిరాదు. ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. "ఇఫ్ యూ సెండ్ హాఫ్ ద అమౌంట్ దిస్ వీక్, వి విల్ స్టార్ట్ ఆన్ మండే." ఇంకా ఆలస్యం కాలేదని ఒక మాట కూడా కలిపాం. మధ్యలో ఉన్న "ఇఫ్ యూ సెంట్, వి వుడ్ స్టార్ట్" కూడా తప్పు కాదు. బేరంలో మెత్తగా కదిపి చూడటానికి బాగుంటుంది. కానీ డబ్బూ తేదీ తేల్చుకోవాల్సిన చోట మీరు పంపుతారని మాకు నమ్మకం లేదన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది. అక్కడ మొదటి రకమే మంచిది.

ఆవిడ మంచిది, వెంటనే డబ్బు పంపింది. కాకపోతే ఆలోపు రెండు చీరలు వేరే చోట తీసుకుందట. ఆరు నాలుగయ్యాయి. ఒక్కో చీర మీద రోజుల తరబడి ఇద్దరు కూర్చునే ఇంట్లో రెండు చీరలంటే ఎంతో మీకు చెప్పక్కర్లేదు.

వనపర్తిలో మా అక్క కొడుకు ఉన్నాడు. పాత రాజుగారి కోటలో నడిచే పాలిటెక్నిక్‌లోనే డిప్లొమా చేశాడు. ఉద్యోగం ఇంటర్వ్యూకు పోయే ముందు నాకు ఫోన్ చేస్తే ఒక్కటే చెప్పాను. వాళ్లు ఏ కాలంలో అడిగితే ఆ కాలంలోనే జవాబు చెప్పు. "వాట్ వుడ్ యూ డూ ఇఫ్ ద మెషీన్ స్టాప్డ్?" అంటే ఏ మెషీనూ ఆగలేదు, నీ ఆలోచన ఎట్లా సాగుతుందో చూస్తున్నారు. "ఐ వుడ్ ఫస్ట్ స్విచ్ ఆఫ్ ద పవర్" అని మొదలుపెట్టు. ప్రశ్నలో 'వుడ్' వినబడితే జవాబు 'వుడ్'తో మొదలవ్వాలి. కంగారులో ఏదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంటుంది.

ఇంకొకటి చెప్పకపోతే ఈ పాఠం పూర్తి కాదు. మన 'తే' 'ఇఫ్' పని ఒక్కటే కాదు, 'వెన్' పని కూడా చేస్తుంది. "మీ నాన్నొస్తే చెబుతా ఉండు" అని పిల్లల్ని బెదిరిస్తాం. నాన్న రావడంలో అనుమానమేమీ లేదు, ఆరున్నరకు వస్తాడు. దాన్ని "ఇఫ్ యువర్ ఫాదర్ కమ్స్" అంటే ఈయన ఇంటికొస్తాడో రాడో అన్న అర్థం వస్తుంది! తప్పకుండా జరిగేదానికి 'వెన్'. "తెల్లారితే లేస్తాం" అనేదీ అంతే, తెల్లారకపోవడం ఉండదు. ఇది చెప్పినప్పుడు పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత వారం రోజులు మా ఇంట్లో ప్రతి 'తే'కూ "ఇఫ్ఫా, వెన్నా?" అని పరీక్ష పెట్టారు. పప్పు ఉడికితే, ఇఫ్ఫా వెన్నా? అత్తమ్మ కూడా నేర్చుకుంది. "ఈ కుక్కర్‌కు ఇఫ్ఫే" అంటుంది.

మా పాప పదో తరగతి. ఇంట్లోవాళ్ల గురించి 'ఇఫ్'తో ఐదు వాక్యాలు రాసుకు రమ్మన్నారట. పుస్తకం దిద్దమని నా ముందు పెట్టింది. నాలుగో వాక్యం నా మీద. "ఇఫ్ మై మదర్ హాడ్ డన్ బి.ఇడి., షి వుడ్ హావ్ బికమ్ ఎ టీచర్."

తప్పు లేదు. 'హాడ్ డన్' ఉంది, 'వుడ్ హావ్' ఉంది, ఒళ్లు ఒంటి దగ్గరే, అంచు అంచు దగ్గరే ఉన్నాయి. టిక్కు పెట్టాను. పక్కన ఇంకో దారి కూడా చూపించాను. కారణం అప్పటిదై ఫలితం ఇప్పటిదైతే రెండు కాలాల్ని కలపొచ్చు. "షి వుడ్ బి ఎ టీచర్ నౌ" అని కూడా రాయొచ్చు. మొదటిది అప్పటి సంగతి చెప్పి ఊరుకుంటుంది. రెండోది ఈ రోజు నేను ఎక్కడ ఉండేదాన్నో చెబుతుంది. ఇది కొంచెం పెద్ద పాఠమే గాని, నా మీద రాసిన వాక్యం కాబట్టి సరిగ్గానే చెప్పాలనిపించింది.

పాప పెన్ను పట్టుకుని కొంచెంసేపు చూసింది. "అమ్మా, మొదటి రకం రాస్తే తప్పా? ఇఫ్ షి డజ్ బి.ఇడి., షి విల్ బికమ్ ఎ టీచర్?"

గ్యాస్ మీద చారు మరుగుతుంటే లేచాను. చారు దింపి, అత్తమ్మకు మోకాళ్ల మందు ఇచ్చి వచ్చేసరికి పాప ఐదో వాక్యానికి పోయింది. నాలుగో వాక్యం చివర పెన్సిల్‌తో ఒక ప్రశ్న గుర్తు పెట్టి ఉంచింది.

నిజం చెప్పాలంటే వాక్యంలో తప్పేమీ లేదు. బి.ఇడి. రెండేళ్లు. ఎడ్‌సెట్ రాయడానికి పందొమ్మిదేళ్లు నిండి ఉండాలన్న నియమం ఉంది గాని, ఇంత దాటకూడదన్న నియమం లేదు. డిగ్రీ ఉంది, మార్కులు ఉన్నాయి. అడ్డమున్నవి వేరే. రోజూ కాలేజీకి పోయి రావాలి. అత్తమ్మ మెట్లు దిగలేదు. పాప వచ్చే ఏడు ఇంటర్. అరుగు మీది పిల్లలు ఏమైతారు? ఇన్నేళ్లుగా చుట్టాలెవరైనా "నువ్వు టీచర్ అయ్యుంటే బాగుండు" అంటే నవ్వి ఊరుకునేదాన్ని. ఆ 'అయ్యుంటే'లో ఒక సుఖం ఉంది, అది విన్నాక ఇక చేయాల్సిందేమీ ఉండదు. పాప రాసిన 'ఇఫ్ షి డజ్'లో ఆ సుఖం లేదు. మనలో చాలామందిమి 'చదివి ఉంటే', 'నేర్చుకుని ఉంటే' అంటూనే ఉంటాం. వాటిలో కొన్ని రాజోలి వరద లాంటివి, నిజంగా అయిపోయినవి. మరి కొన్ని ఆ చీరల బేరం లాంటివి, కాలం దాటకుండానే దాటిపోయినట్టు మనమే రాసుకున్నవి. ఏది ఏదో ఒక్కసారి విడదీసి చూసుకోవాలి.

రాత్రి అన్నాలయ్యాక మా ఆయనతో చెప్పాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, "సరే, నోటిఫికేషన్ వస్తే చూద్దాం" అన్నారు.

లోపల పడుకున్న పాప గొంతు వినిపించింది. "నాన్నా, అది ఏటా వస్తది. వెన్!"